కొత్త ఇంటిది

సండూరు,
2025 మార్చి 9.

అక్కకు గురునాథ్ నమస్కారం.

నేను బాగున్నాను. ఇక నీ చెవులకు మిషను పెట్టినా లాభం లేదని బళ్ళారి డాక్టరు తేల్చేశాడని విక్రమ్ ఫోన్ చేసి చెప్పాడు. ఫోన్లో నా మాట నీకు వినపడదు. విక్రముకూ నీ కోడలికీ కన్నడం తప్ప తెలుగు చదవడం రాదు. అందుకని జాబు రాస్తున్నాను. ఆలూరులో మామ ఇంట్లో ఉండి మనిద్దరం నేర్చుకున్న తెలుగు ఇన్నాళ్ళకు పనికొచ్చింది.

కొండ మీద ఎట్లా ఉంటున్నావని విక్రమ్‌తో అడిగించావు. మూసేసిన గని మీద మొక్కలు పెంచే కాంట్రాక్టు తీసుకున్నాను కదా. పగలు కూలివాళ్ళు ఉంటారు. సాయంత్రం ట్రాక్టరెక్కి దిగిపోతారు. ఆ తర్వాత నేనొక్కణ్ణే. ఇక్కడ కరెంటు లేదు. పాత స్కూలు బస్సు కొని, సీట్లు పీకించి, మంచం, పొయ్యి, ఫ్యాను, చిన్న ఫ్రిజ్జు పెట్టించుకున్నాను. ఇల్లూ అదే, బండీ అదే.

దీంట్లో రెండు బ్యాటరీలు ఉన్నాయి. సండూరు బస్టాండు దగ్గర బండ్ల కరెంటు పని చేసే దురుగప్ప వాటికి పేర్లు పెట్టాడు. ఇంజను లేపేది ‘బండిది’. లైటుకూ ఫ్యానుకూ ఫ్రిజ్జుకూ ఫోనుకూ కరెంటిచ్చేది ‘ఇంటిది’. నాకూ అట్లా పిలవడమే అలవాటైంది. బస్సు పైన సోలార్ పలకలు ఉన్నాయి, ఎండ కాస్తే అవి ఇంటిదాన్ని నింపుతాయి. ఇంజను నడిచేటప్పుడు రెంటికీ ఛార్జింగ్ ఎక్కుతుంది. ఇంజను ఆపగానే రెంటినీ విడదీసే స్విచ్చు ఒకటి బిగించాడు. “ఇంటిది సచ్చినా బండిది బతికుండల్ల గురునాథప్పా. లేకుంటే కొండ మీద నుంచి ఎట్ల దిగుతావు?” అన్నాడు.

ఎదురు కొండ మీద ఇంకా తవ్వుతూనే ఉన్నారు. ఆ లారీల దుమ్ము ఎర్రగా వచ్చి పలకల మీద కూర్చుంటుంది. పొద్దున్నే నిచ్చెన వేసుకుని తడిగుడ్డతో తుడవకపోతే సాయంత్రానికి ఇంటిది సగం కూడా నిండదు. సగానికన్నా కిందికి దించితే దాని ఆయుష్షు తగ్గుతుంది. అందుకని ఫ్యాను వేస్తే ఫ్రిజ్జు ఆపుతాను, ఫ్రిజ్జు వేస్తే ఫ్యాను ఆపుతాను. పొద్దు గుంకినాక మీటరు ముందు కూర్చుంటాను. మాట్లాడేవాళ్ళు లేనప్పుడు మీటరులో అంకెలు తగ్గడం చూడటం కూడా ఒక పనే.

జవాబు దురుగప్ప షాపు అడ్రసుకు రాయి. సోమవారం సంతకు దిగినప్పుడు తీసుకుంటాను.

నీ తమ్ముడు,
గురునాథ్


మోక,
మార్చి 21.

గురునాథుకు అక్క దీవెనలు.

నీ జాబు చేరింది. రెండుసార్లు చదివాను, కరెంటు సంగతి రాసిన పేజీ తప్ప. అది మొదలుపెట్టి రెండు వరుసలు చదివేసరికి కళ్ళు మూతలు పడ్డాయి. మడిచి పక్కన పెట్టేశాను. ఆ బ్యాటరీలూ కరెంటూ నాకెందుకు రా? నువ్వు ఏం తింటున్నావో, ఎవరితో మాట్లాడుతున్నావో రాయి. మనుషుల సంగతి రాయి.

ఇక్కడ మిరపకాయలు ఎండబెట్టడం అయిపోయింది. కోడలు సాయంత్రం టీవీ ముందు కూర్చుంటుంది, నేనూ కూర్చుంటాను. మాటలు వినపడకపోయినా సీరియల్లో ఎవరు ఎవరి కొంప ముంచుతున్నారో తెలిసిపోతుంది. ఇంట్లోవాళ్ళు నాతో మాట్లాడాలంటే ఎదురుగా వచ్చి పెదవులు కదిలించాలి. ఈ మధ్య అంత శ్రమ ఎవరూ పడటం లేదు. చెయ్యి ఊపి ‘అన్నం’ అంటారు, ‘పడుకో’ అంటారు. కోడలు మంచిదే. తీరిక లేదు.

నీ ఇల్లాలు చంద్రిక పోయి రెండేండ్లు దాటింది. నీ వాటా చేను విక్రముకు అప్పజెప్పి కొండెక్కావు. నేనేమైనా అన్నానా? అనలేదు. కానీ మనిషన్నవాడికి పక్కన ఇంకో మనిషి ఉండాలి. నీకు తోడు ఎవరూ లేరన్న ఆలోచన నన్ను నిద్రపోనివ్వడం లేదు.

శ్రుతి హొసపేట నుంచి విక్రముకు ఫోన్ చేస్తూ ఉంటుందట. నీకు చేస్తే అందదని చెప్పిందట. కూతురితోనైనా మాట్లాడు.

తిమ్మమ్మ


సండూరు,
జులై 14.

అక్కకు నమస్కారం.

ఆలస్యానికి ఏమనుకోవద్దు. ఎండాకాలమంతా మొక్కలకు నీళ్ళు పెట్టించడంతోనే సరిపోయింది. నెల దాటింది వానలు పట్టి. ఇవాళ్టిదాకా సంతకు దిగడం కూడా కుదరలేదు. మొక్కలకు మాత్రం మంచిదే. కానుగా, వేపా బాగా అందుకున్నాయి. కూలివాళ్ళలో ఉచ్చెంగెప్ప అనే ఆయన నాకు రొట్టెలు తెచ్చిపెడుతున్నాడు. వాళ్ళ ఇంట్లో చేసిన సజ్జరొట్టెలు. తిండికి లోటు లేదు.

బండి సంగతులు వద్దన్నావు కాబట్టి ఎక్కువ రాయను. ఇంటిది పోయింది. పోయిన దగ్గర్నుంచి చీకట్లోనే కూర్చుంటున్నాను. ఇన్నాళ్ళూ ఎట్లో నెట్టుకొచ్చాను గానీ, ఇంటిది లేకుండా ఈ వానాకాలం గడవదని అర్థమైంది. కొత్త ఇంటిదాన్ని తెచ్చుకుందామనుకుంటున్నాను. దురుగప్ప బళ్ళారిలో ఒకటి చూసిపెట్టాడు. పాతదాన్ని అట్లే ఉంచి పక్కన కొత్తదాన్ని పెట్టుకుంటానంటే ఒప్పుకోలేదు. “పాతది కొత్తదాని బలం గూడా లాగేస్తాది. తీసెయ్యప్పా” అన్నాడు. ఇన్నాళ్ళు నాతో ఉన్నది, తీసెయ్యాలంటే ఏదోగా ఉంది. అయినా తప్పదు.

ఫోన్ ఆపేసి పెట్టాను. శ్రుతికి చెప్పించు.

గురునాథ్


మోక,
జులై 22.

గురునాథూ,

నీ జాబు చదివి చాలాసేపు వసారాలో కూర్చున్నాను. కోపంతో కాదు. నోరు తెరిచి ఏదీ అడగని మనిషివి. చీకట్లో కూర్చుంటున్నానని రాశావంటే అది ఎంత చీకటో నాకు తెలుసు. పెద్దదాన్ని, నేనే ముందు అడిగి ఉండాల్సింది.

కానీ నువ్వు రాసిన తీరు బాగాలేదు. ఆడమనిషిని పట్టుకుని ‘ఒకటి చూసిపెట్టాడు’ అని రాస్తావా? సంతలో ఎద్దా? అయినా నీకు ఇంటిదాన్ని చూడటానికి బండ్లు బాగుచేసే దురుగప్ప ఎవరు? మనకు మనుషులు లేరా? అతను చూసిన సంబంధం వద్దని చెప్పు.

ఇంకొకటి. చంద్రికను తీసెయ్యమని చెప్పడానికి అతనికి నోరెట్లా వచ్చింది? చంద్రిక ఫోటో నువ్వు బండిలో పెట్టుకున్నావని నాకు తెలుసు. అది అక్కడే ఉండనీ. పోయినవాళ్ళు ఎవరి బలమూ లాగెయ్యరు. వచ్చే మనిషి మంచిదైతే ఆ ఫోటోకు తనే పూలు పెడుతుంది.

అట్లాంటి మనిషి ఒకరున్నారు. ఆలూరు మామ చిన్నకూతురు హారతి. వరసకు నీకు మరదలే. భర్త పోయి ఏడెనిమిదేండ్లయింది, పిల్లలు లేరు. బళ్ళారిలో కౌల్‌బజారు దగ్గర ఒక గదిలో ఉంటూ బట్టలు కుడుతుంది. నేను ఆదివారం విక్రముతో పోయి అడుగుతాను.

శ్రుతికి ఈ సంగతి విక్రముతో ఫోన్లో చెప్పించాను. వినగానే ఫోన్ పెట్టేసిందట. దానికి కొంచెం టైము పడుతుంది.

అక్క


సండూరు,
జులై 24.

అక్కకు,

నీ జవాబు ఇంకా రాలేదు. వానకు టపా ఎక్కడో ఆగినట్టుంది. మంచి సంగతి ఆపుకోలేక ఇది రాస్తున్నాను.

కొత్త ఇంటిది వచ్చింది. నిన్న దురుగప్ప ఆటోలో తీసుకొచ్చాడు. మంచి బరువు. బురదలో నడవడమే కష్టం, ఇంక మోయడం చెప్పాలా? దురుగప్ప ఒక పక్క, ఉచ్చెంగెప్ప ఒక పక్క పట్టుకుని బండిలోకి ఎక్కించారు. మంచం పక్కనే చోటు చేశాను. మొదటి వారం ఎక్కువ పని చెప్పొద్దన్నాడు దురుగప్ప. మెల్లగా అలవాటు పడనివ్వాలట. పాతదాన్ని అతనే తీసుకుపోయాడు.

రాత్రి అన్నం తింటుంటే బండి అంతా వెలుతురు. ఎన్నాళ్ళయిందో అక్కా, నా చెయ్యి నాకు కనపడుతుండగా తిని.

గురునాథ్


మోక,
ఆగస్టు 1.

గురునాథ్,

నువ్వు రాసింది విక్రముకు చదివి వినిపించలేదు. నాకే సిగ్గేసింది.

నా జాబు చేరేదాకా ఆగలేకపోయావా? ఎవరామె? ఏ ఊరు, ఎవరి బిడ్డ? పేరు కూడా రాయలేదు. ఇద్దరు మగవాళ్ళు చెరో పక్క పట్టుకుని బండి ఎక్కించడమేంది? కాళ్ళు లేని మనిషా? జబ్బుమనిషా? బరువని రాస్తావా? ఎక్కువ పని చెప్పొద్దన్నాడట, అంటే తక్కువ పని చెప్పడానికి తెచ్చుకున్నావా? ఇంక పాతదాన్ని తీసుకుపోయాడంటున్నావు. చంద్రిక ఫోటోను ఆ దురుగప్ప చేతికిచ్చి పంపావా? ఆ వాక్యం చదివి నేను ఆ పూట అన్నం తినలేదు.

ఇక్కడ నా పరిస్థితి విను. హారతి దగ్గరికి పోయాను. చెప్పాను. ఆలోచించుకుంటానంది. మూడోనాడు తనే మోకకు బస్సులో వచ్చింది. నా ఎదురుగా పీట వేసుకుని కూర్చుని, నాకు అర్థమయ్యేట్టు నిదానంగా పెదవులు కదిలించి “సరే వదినా” అంది. మరుసటి రోజే నీ జాబు వచ్చింది. ఇప్పుడు ఆమెకు ఏం చెప్పను?

శ్రుతి, విక్రమ్ కలిసి నీ దగ్గరికి వస్తున్నారు. వాళ్ళకే చెప్పుకో.

తిమ్మమ్మ


సండూరు,
ఆగస్టు 6.

అక్కకు,

నీ రెండు జాబులూ ఒకేసారి అందాయి. అందిన సాయంత్రమే పిల్లలిద్దరూ వచ్చారు. జాబులు చదవకముందే వాళ్ళు వచ్చారు కాబట్టి నాకేమీ తెలీదు.

విక్రమ్ బండి మెట్టు దగ్గరే చెప్పులు విడిచి నిలబడ్డాడు. లోపలికి రాడు. శ్రుతి చేతిలో సంచి. మొహం గంటుపెట్టుకుని ఉంది.

“లోపలికి రాండప్పా” అన్నాను.

“వద్దులే మామా. ఆమెకు ఇబ్బంది” అన్నాడు విక్రమ్.

“ఎవరికి?”

“యాడుండాది నాన్నా?” అంది శ్రుతి.

“ఏంది?”

“అదే. నువ్వు తెచ్చుకున్నది.”

“ఓ, ఇంటిదా? మంచం పక్కన ఉండాది చూడు. విక్రమ్, నువ్వు గూడా రాప్పా, సిగ్గేంది? మూత తీసి చూపిస్తా.”

విక్రమ్ అటు తిరిగి రెండడుగులు వెనక్కి వేశాడు. శ్రుతి ఒక్కతే లోపలికి వచ్చి మంచం పక్కన చూసింది. మంచం కింద కూడా చూసింది. చెక్క మూత తీసి బ్యాటరీ చూపించాను. “ఇదే. నూటయాభై ఆంపియర్లు. దురుగప్ప రెండేండ్ల గ్యారంటీ ఇప్పించినాడు” అన్నాను.

“ఇదేనా ఇంటిది?” అంది.

“ఇదే. బండిది ముందర ఉండాది. అది బాగనే ఉండాది.”

దాని పక్కనే నేలమీద కూలబడి నవ్వింది శ్రుతి. వాళ్ళమ్మ పోయినాక అది అంతగా నవ్వడం నేను చూడలేదు. విక్రమ్ వచ్చి బ్యాటరీని చూసి, నన్ను చూసి, “అమ్మకు ఈ సంగతి ఎవరు చెప్తారు?” అన్నాడు.

అక్కా, ఇంటిది అంటే బ్యాటరీ. మొదటి జాబులోనే రాశాను. నువ్వు ఆ పేజీ మడిచి పెట్టావు. పాతది పోవడానికి కూడా నేనే కారణం. దాంట్లో పోసే డిస్టిల్డ్ నీళ్ళు అయిపోతే, వానలో కిందికి దిగలేక ఊటనీళ్ళు పోశాను. ఈ కొండ నీళ్ళలో ఇనుము ఉంటుంది, అది బ్యాటరీ లోపలి సీసం పలకలను తినేసింది. మబ్బుకు ఎండా లేదు. రోజూ అడుగంటా దించుతూ పోయాను. చివరికి చచ్చింది. దురుగప్ప తీసుకుపోయింది దాన్నే. చంద్రిక ఫోటో అద్దం పక్కన ఉన్నచోటే ఉంది.

శ్రుతి సంచిలో చీర తెచ్చింది. కోపంగా వస్తూ కూడా, కొత్తగా వచ్చిన మనిషికి ఒట్టి చేతులతో ఎట్లా కనపడాలని కొన్నదట. పోయేటప్పుడు తీసుకుపొమ్మన్నాను. “ఉండనీలే నాన్నా” అని వదిలేసి పోయింది. వాళ్ళు దిగిపోయినాక నీ జాబులు తీసి చదివాను. హారతి సంగతి అప్పుడే తెలిసింది.

దాని గురించి ఏం రాయాలో తోచడం లేదు. ఇక్కడికి ఆపుతున్నాను.

గురునాథ్


మోక,
ఆగస్టు 14.

తమ్ముడికి,

మడిచి పెట్టిన పేజీ వెతికి తీసి చదివాను. ‘ఇంటిది’ అని నువ్వు స్పష్టంగానే రాశావు. తప్పు నాది. ఇంట్లో అందరూ నవ్వుతున్నారు. వాళ్ళ నవ్వు వినపడకపోవడం ఇప్పుడు నాకు మేలే అయింది.

కానీ హారతికి నేను చెప్పలేను. ఎట్లా చెప్పాలి? ‘మా తమ్ముడు బ్యాటరీ అడిగాడు, నేను నిన్ను అడిగాను’ అని చెప్పాలా? ఆ రోజు ఆమె ఊరికే సరే అని లేచిపోలేదు. నువ్వు ఎట్లాంటి చోట ఉన్నావో అన్నీ అడిగింది.

“బండిలో ఉండాలంటే ఉంటా వదినా. గదిలో ఒక్కదాన్నే ఉండేదానికి, బండిలో ఉండేదానికి ఏం తేడా?” అంది. తర్వాత, “కుట్టుమిషను పెట్టుకునేదానికి చోటు ఉండాదా? నాది కరెంటు మోటారు మిషను. ఆడ నడుస్తాదా?” అంది. నాకేం తెలుసు? నడుస్తుందని చెప్పాను.

ఇప్పుడు చెప్పకుండా ఉంటే ఏం పోయింది గురూ? పొరపాటున అడిగినా, అడిగింది మంచి మనిషినే. నువ్వు ఊ అంటే సరిపోతుంది. ఎట్లా మొదలైందో ఎవరికి కావాలి? అక్కర్లేదంటే అదైనా రాయి. ఆమె బళ్ళారిలో నా మాట పట్టుకుని కూర్చుని ఉంది.

అక్క


సండూరు,
ఆగస్టు 25.

అక్కకు,

నీ జాబు పోయిన సోమవారం అందింది. జవాబు రాద్దామని కూర్చోవడం, మళ్ళీ లేచిపోవడం.

మోటారు మిషను సంగతి దురుగప్పను అడిగాను. ఫ్యాను కన్నా ఎక్కువే లాగుతుందట. అది ఇంట్లో కరెంటు మీద నడిచేది కాబట్టి బ్యాటరీ కరెంటును అట్లా మార్చే పెట్టె కూడా ఒకటి కావాలట. ఎండ ఉన్న పగటిపూట కుట్టుకుంటే ఇంటిదాని మీద బరువు పడదు. మబ్బు రోజుల్లో ఇంజను వేసి కొంచెంసేపు కుట్టుకోవచ్చు. ఇంకో పలక పెడితే మంచిదన్నాడు. బస్సు పైన వెనక భాగంలో చోటుంది, కొలిచి చూశాను. మిషను కిటికీ దగ్గర పడుతుంది. ఫ్రిజ్జును కొంచెం జరపాలి.

“ఎవరికప్పా మిషను?” అని అడిగాడు దురుగప్ప. నేను పలక ధర ఎంతని అడిగాను. “బిడప్పా, పోనీలే, నాకెందుకు” అని తనే నవ్వి ఊరుకున్నాడు.

కానీ హారతికి నిజం చెప్పు. చెప్పకుండా వద్దు. ఏదో ఒకరోజు శ్రుతో విక్రమో నవ్వుతూ బయటపెడతారు. అప్పుడు ఈ కొండ మీద నా ఎదురుగా కూర్చుని ఆమె ఏమనుకుంటుంది? బ్యాటరీ బదులు వచ్చాననుకుంటుంది. అట్లా కాకూడదు.

నిజం చెప్పినాక మళ్ళీ అడుగు. ఈసారి నీ మాటగా కాదు, నా మాటగా అడుగు. నాకు వెలుతురు ఉంది, తిండి ఉంది. అయినా అడుగుతున్నానని చెప్పు. వద్దంటే కష్టపెట్టుకోనని కూడా చెప్పు.

ఇంత పెద్ద మాట నీతో చెప్పించడం సరికాదని తెలుసు. నాకు చేతకాలేదు.

గురునాథ్


మోక,
సెప్టెంబరు 7.

గురునాథుకు,

నిన్న బళ్ళారి పోయాను. విక్రమ్ వస్తానంటే వద్దని ఒక్కదాన్నే బస్సెక్కాను. ఇట్లాంటి మాటకు మగపిల్లాడు పక్కన ఎందుకు?

హారతి గదిలో దీపావళి బట్టలు అప్పుడే కుప్పలు పడి ఉన్నాయి. నన్ను చూసి కుర్చీ మీద గుడ్డలు తీసి కూర్చోబెట్టింది. కాఫీ ఇచ్చింది. నేను మొత్తం చెప్పాను. మడిచిన పేజీ దగ్గర్నుంచి చెప్పాను. నా గొంతు ఎంత పెద్దగా ఉందో నాకు తెలీదు కదా, పక్క గది ఆవిడ వాకిట్లోకి వచ్చి చూసింది. హారతి లేచి తలుపు వేసి వచ్చి మళ్ళీ మిషను ముందు కూర్చుంది.

బ్యాటరీ అన్నప్పుడు ఆమె నవ్వలేదు. ఏడవలేదు కూడా. ఒక జాకెట్టు తీసుకుని కుట్టడం మొదలుపెట్టింది. నేను చెప్తూనే ఉన్నాను. నీ మాటగా అడిగాను, నువ్వు రాసింది రాసినట్టే. ఇంకో పలక పెడతాడట, మిషను కిటికీ దగ్గర పడుతుందట, ఫ్రిజ్జు జరుపుతాడట అని కూడా చెప్పాను. అప్పుడు ఆమె చెయ్యి ఆగింది. తర్వాత మళ్ళీ గుడ్డ తోసింది.

తల వంచుకుని, మిషను నడుపుతూనే ఏదో చెప్పింది. చాలాసేపే చెప్పింది. దవడ కదలడం కనపడింది గానీ పెదవులు కనపడలేదు. మోకలో నా ఎదురుగా కూర్చుని చెప్పిన మనిషి, ఈసారి మొహం ఎత్తలేదు. చెప్పడం అయినాక దారం కొరికి, నా వైపు చూసింది, నేనేమంటానో అని. విన్నట్టు తలూపాను.

‘ఏమన్నావు హారతీ, మళ్ళీ చెప్పు’ అని అడగొచ్చు. ఒకసారి పొరపాటు చేసి ఆమెతో సరే అనిపించినదాన్ని. ఇంకోసారి చెప్పమనడానికి నాకు నోరు రాలేదు. బస్సు టైమైందని లేచి వచ్చేశాను. వాకిలి దాకా వచ్చి సాగనంపింది. మొహం చూసి ఏమైనా తెలుసుకుందామంటే ఏమీ తెలియలేదు.

ఆమె ఏదో ఒకటి చెప్పింది. అది నాకు చెప్పింది కాదు. నాతో ఇంక జాబులు రాయించొద్దు. కొండ దిగి బళ్ళారికి పోయి, తలుపు తట్టి, ఎదురుగా కూర్చుని నువ్వే విను.

తిమ్మమ్మ